మా సౌనా సంఘంలో ఒకరు

నాకు నోట్లో నువ్వుగింజ నానదు. ఈ మాట సిగ్గుపడుతూ చెప్పడం లేదు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ సుఖమని చెబుతున్నాను.

మా ఊరు హౌకిలంపిలో మనుషులు మాటని మందులా వాడతారు. తప్పనిసరైతేనే, అదీ కొలిచి. ఇద్దరు మగాళ్ళు పొద్దున్నే ఒక పడవెక్కి చీకటిపడేదాకా చేపలు పడతారు. ఒడ్డుకొచ్చాక ఒకడు "చలిగా ఉంది" అన్నాడనుకోండి, రెండోవాడు ఇంటికెళ్ళి పెళ్ళాంతో "వాడికి ఈమధ్య వాగుడెక్కువైంది" అంటాడు. అలాంటి ఊళ్ళో దేవుడు నన్ను పుట్టించి, ఈ నోరిచ్చి, లెంపి అని మా నాయనమ్మ పేరు పెట్టించి, ఆపైన తన పని తాను చూసుకున్నాడు.

నోరున్న మనిషికి వినేవాళ్ళు కావాలి. అందుకే పక్క పట్నంలో పళ్ళాసుపత్రిలో చేరాను. పళ్ళు శుభ్రం చేయడం నా పని. మనిషి వెల్లకిలా పడుకుని ఉంటాడు, నోరు తెరిచి ఉంటుంది, అందులో గొట్టం ఉంటుంది. లేచి పోలేడు, ఆపమనలేడు. నా మాట పూర్తిగా విన్నవాళ్ళెవరైనా ఉన్నారంటే ఆ కుర్చీలో పడుకుని విన్నవాళ్ళే.

రెండో చోటు సౌనా, అంటే పొయ్యి మీద కాలిన రాళ్ళపై నీళ్ళు పోసి ఆవిరి పట్టించుకునే చెక్క గది. చెరువొడ్డున మా సంఘానిదే ఒక సౌనా ఉంది. శనివారం సాయంత్రం ముందు ఆడవాళ్ళ వంతు, తరవాత మగవాళ్ళది. ఒంటిమీద నూలుపోగు లేకుండా చెక్క మెట్ల మీద వరసగా కూర్చుని చెమటలు కక్కుకుంటున్న ఆడవాళ్ళు నా మాటలు భరించలేక చెరువులోకి దూకొచ్చు, దూకుతారు కూడా. కానీ మునిగి మళ్ళీ లోపలికే రావాలి కదా. ముప్ఫై ఏళ్ళుగా ఒక్కరూ నాకు తిరిగి జవాబు చెప్పింది లేదు, వెళ్ళిపొమ్మన్నదీ లేదు. వాళ్ళ భుజాలు నా భుజాలకి తగులుతూ ఉంటాయి. ఆ శనివారాలు లేకపోతే నేనేమైపోయేదాన్నో నాకు తెలియదు.

పోయిన వేసవిలో నాకు అలసట పట్టుకుంది. నిద్రపోయినా తీరని అలసట. ఆసుపత్రివాళ్ళు కుఓపియోలో ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు. ఆవిడ చాలాసార్లు కూర్చోబెట్టి, మా అమ్మ చెప్పిన చిన్ననాటి సంగతుల దగ్గర్నుంచి అన్నీ అడిగింది. ఆవిడ ఉద్యోగం వినడమే కాబట్టి నేనూ మొహమాటపడలేదు. చివరికి "లెంపీ, నీకు ఆటిజం ఉంది, పుట్టినప్పటినుంచీ ఉంది" అంది. ఎదుటివాళ్ళ మొహంలో ఏముందో నాకు అందదట. ఆ ఖాళీ భయపెడితే మాటలు పోసి నింపుతున్నానట. పొద్దస్తమానం నింపి నింపి అలిసిపోతున్నానట.

తిరుగు బస్సులో ఏడ్చాను. తరవాత నవ్వొచ్చింది. ఆ తరవాత పక్క సీటాయనకి మొత్తం చెప్పాను. ఆయన తరవాతి స్టాపులో దిగిపోయాడు. అది ఆయన స్టాపు కాదని ఇప్పటికీ నా అనుమానం.

ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పుకుంటే ఏం తీరుతుంది? ఊళ్ళోవాళ్ళకి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలా అని చూస్తుండగా ఆర్మాస్ వచ్చి నా కుర్చీలో పడుకున్నాడు. ఆర్మాస్ రిటైరైన సర్వేయరు, మా దుప్పి వేట జట్టుకి పెద్ద, సౌనా సంఘంలో పాత సభ్యుడు. దవడపన్ను పూడ్చాలి. మత్తు సూది ఇచ్చి, బుగ్గలో దూది కుక్కి, డాక్టరు గారి కోసం చూస్తున్నాం. ఇంతకన్నా మంచి ముహూర్తం దొరకదనుకున్నాను.

"ఆర్మాస్, నీకో సంగతి చెప్తా. మన సౌనా సంఘంలో ఒకరికి ఆటిజం ఉందని తేలింది. ఈ వయసులో, చూడు. ఇన్నేళ్ళూ మనతో పాటే కూర్చుని చెమట కార్చిన మనిషి."

ఆర్మాస్ కళ్ళు పెద్దవయ్యాయి. "ఊఁ?" అన్నాడు దూదిలోంచి.

"ఆ మనిషిని నేనే" అనడమే మిగిలింది. కానీ దానికి ధైర్యం కూడదీసుకోవాలని ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలోనే డాక్టరు గారు లోపలికొచ్చి మిషను ఆన్ చేశారు. నేను జీవితంలో మాట మధ్యలో ఆగింది ఆ ఒక్కసారే. దాని ఫలితం వినండి.

నోరు విప్పని మా ఊరు ఫేస్‌బుక్‌లో మాత్రం హరికథ చెబుతుంది. "హౌకిలంపి కబుర్లు" అని ఒక గుంపు ఉంది. మామూలుగా అందులో పోయిన చేతితొడుగులు, రోడ్డు దాటిన ఎలుగుబంట్లు ఉంటాయి. ఆ సాయంత్రం ఆర్మాస్, పెదవి ఇంకా సగం వేలాడుతుండగానే, రాసి పడేశాడు: మన సౌనా సంఘంలో ఒక ఆటిస్టు ఉన్నారు, నమ్మకమైన చోటునుంచి తెలిసింది, పేరు చెప్పలేదు, అందరూ జాగ్రత్త.

ఇక చూడండి. అలాంటివాళ్ళకి మనసుండదట, ఎదుటివాళ్ళ బాధ తెలియదట. ఎప్పుడు ఏం చేస్తారో చెప్పలేమట. అంత కాలిన రాళ్ళ దగ్గర అలాంటివాళ్ళని కూర్చోబెడతారా అని ఒకామె. తాంపెరేలో మా తోడల్లుడి ఆఫీసులో ఒకడున్నాడు, కాఫీ బాగోలేదని పెట్టినావిడ మొహం మీదే అన్నాడు అని ఒకాయన. వాళ్ళు అబద్ధమాడలేరట అని ఇంకొకరు రాస్తే, అయితే వేట జట్టులో ఎవరూ లేనట్టే అని ఎవరో తెలివైనవాడు. అన్నిటికంటే పొడుగ్గా రాసింది హెల్సింకీలో ఉండే ఒక పెద్దమనిషి. ఆయన మా ఊరు చూడలేదు, మా సౌనా చూడలేదు, ఆటిస్టుని చూశాడో లేదో తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకో.

వంటింట్లో నిలబడి అవన్నీ చదివాను. అందులో రాసినవాళ్ళు సగంమంది పళ్ళు నాకు తెలుసు. ఎవరి చిగుళ్ళనుంచి రక్తం వస్తుందో, ఎవరు భయంతో నా చెయ్యి పట్టుకుంటారో తెలుసు. నన్ను ఎవరో అని తిడుతున్నారు, అది నేనని తెలియదు. తెలిసి తిడితే తిరిగి తిట్టేదాన్ని. పైగా అన్నిటికీ అడుగున, ఆర్మాస్ భార్య వియెనో నన్నే పిలిచి రాసింది: "లెంపీ, నీకు అందరూ తెలుసుగా, ఎవరంటావు?" ఫోను బల్ల మీద బోర్లా పెట్టేశాను. ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాడు ఎవరో ఒక వ్యాసం తెచ్చి అక్కడ తగిలించారు. ఆటిస్టుని కనిపెట్టడం ఎలా అని. కళ్ళలోకి చూడరు. అవసరం లేనిదే మాట్లాడరు. ఎప్పుడూ ఒకే చోట కూర్చుంటారు, ఒకే తిండి తింటారు. చెప్పకుండా చుట్టాలొస్తే ఇష్టపడరు. కబుర్లు చెప్పడం రాదు కానీ ఒక్క విషయం మీద మాత్రం గంటలు మాట్లాడతారు. ఇవి ఆటిజం లక్షణాలో మా ఊరి జనాభా లెక్కలో నాకు అర్థం కాలేదు. అది చదివి ఊరంతా గప్‌చుప్ అయింది. అంటే మామూలుగానే ఉంది. కాకపోతే ఈసారి భయంతో.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, మా ఊళ్ళో ప్రతివాడూ తన భుజం తడుముకున్నాడు.

శుక్రవారం కొట్లో మా సంఘం అధ్యక్షుడు వాల్టో ఎదురయ్యాడు. మామూలుగా అయితే తల ఒక వేలెడు వంచి పోతాడు. ఆరోజు వచ్చి నా కళ్ళలోకి చూడ్డం మొదలుపెట్టాడు. రెప్ప వెయ్యడు. ఆయన కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి.

"ఎలా ఉన్నావు, లెంపీ?" అన్నాడు.

యాభై ఎనిమిదేళ్ళలో ఈ ఊళ్ళో నన్ను ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. నేను జవాబు చెప్పాను. మోకాలి నొప్పితో మొదలుపెట్టి, కొత్త బూట్లు, పాత అద్దెవాళ్ళు, మా పిల్లి గర్భం మీదుగా పళ్ళకి పట్టే గార దగ్గరికి వచ్చాను. పోదామంటే ఆయనకి భయం, కబుర్లు చెప్పడం రాదంటారేమోనని. చేతిలో ఐస్‌క్రీం డబ్బా కరిగి బూట్ల మీద కారుతున్నా "అలాగా, అలాగా" అంటూ నిలబడ్డాడు.

ఊరు ఊరే మారిపోయింది. ఇరవై ఏళ్ళుగా ఒకే రకం సాసేజి తినే ఆర్మాస్, అందరూ చూస్తుండగా వెల్లుల్లి వేసింది కొని, ఇంటికెళ్ళి కుక్కకి పెట్టాడట. మగాళ్ళు సౌనాలో ఎవరి చోట్లో వాళ్ళు కూర్చోకుండా ఒకళ్ళ చోటు ఒకళ్ళు మార్చుకున్నారట. "పరాయి కొంపలో పడుకున్నట్టుందే" అని సణుక్కుంటూ వచ్చారని వియెనో చెప్పింది. ఈ మాట చెప్పడానికి ఆమె ముందు కబురు చెయ్యకుండా, కేకు పట్టుకుని మా ఇంటికొచ్చింది. మా ఊళ్ళో అలా రావాలంటే ఎవరైనా పోయుండాలి. తలుపు తీసి నేను హడలిపోయాను, నా మొహం చూసి ఆమె హడలిపోయింది. ఇద్దరం కేకు తిన్నాం.

దాచడమెందుకు, నాకు పండగలా ఉంది. జీవితమంతా గోడలకి చెప్పుకున్నదాన్ని, ఇప్పుడు గోడలు "అవునా, తరవాత?" అంటున్నాయి. నిజం చెప్పాలని అనుకోకపోలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకున్నాను. చెప్పిన మర్నాడు ఈ "తరవాత" ఉండదు. శనివారం మెట్టు మీద నా చోటూ ఉండదేమో.

ఈ గోలలో మారని మనిషి ఒక్కరే ఉన్నారు. హిల్యా.

హిల్యాకి డెబ్భై దాటాయి. మా సౌనా పొయ్యి ఆమెదే అనాలి. శనివారం మధ్యాహ్నం వచ్చి కట్టెలు పేర్చి అంటించేది ఆమె. ఆడవాళ్ళ వంతులో పై మెట్టు మూల కూర్చుని, చెక్క గరిటెతో రాళ్ళ మీద నీళ్ళు పోసేదీ ఆమే. ఎంత పొయ్యాలో, ఎప్పుడు పొయ్యాలో ఆమెని ఎవరూ అడగరు. నెలకి ఒక మాట మాట్లాడితే గొప్ప. ఊరంతా కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకుంటున్న రోజుల్లో ఆమె మాత్రం ఎప్పట్లాగే నేల చూసుకుంటూ నడిచింది. ఎప్పటి మూలలోనే కూర్చుంది. ఎవరైనా పలకరిస్తే బెల్లం కొట్టిన రాయిలా నిలబడింది. ఆమె ఇంట్లో కంప్యూటర్ లేదు మరి, వ్యాసం చదవలేదు.

"ఇంకెవరు? ఆవిడే" అని వియెనో రాసింది. కింద ఎవరూ కాదనలేదు. ఎవరో ఒకరు దొరికినందుకు ఊరు ఊపిరి పీల్చుకుంది. మర్నాడు వాల్టో మళ్ళీ వేలెడు తల వంచి వెళ్ళిపోయాడు. ఆర్మాస్ పాత సాసేజికి వచ్చేశాడు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆర్మాస్ సంఘం శరదృతువు సమావేశానికి ఒక ప్రతిపాదన తయారుచేసి గుంపులో పెట్టాడు. ఆటిజం ఉన్న సభ్యులు అందరితో కలిసి రాకూడదు, వేరే వేళకి తోడుతో రావాలి, పొయ్యి జోలికి పోకూడదు. భద్రత కోసమేనట. దాని కింద మెచ్చుకుంటూ బొటనవేళ్ళు వరసకట్టాయి. ఊళ్ళో ఉన్న బొటనవేళ్ళన్నీ అక్కడే ఉన్నాయి. హెల్సింకీ పెద్దమనిషిది కూడా.

నేను హిల్యా ఇంటికి వెళ్ళాను. పెరట్లో భూర్జ కట్టెలు చీలుస్తోంది. గొడ్డలి దింపి, లోపలికెళ్ళి కాఫీ పెట్టింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను. వాన గురించి, మంచు ఎప్పుడు పడుతుందో దాని గురించి, మా పిల్లి పిల్లల గురించి. చెప్పాలని వచ్చినది తప్ప అన్నీ చెప్పాను. కప్పు ఖాళీ అయ్యాక హిల్యా కిటికీ వైపు చూస్తూ అంది:

"పోయిన శనివారం నేను పొయ్యి అంటిస్తుంటే ఎవరో వెనకాల వచ్చి నిలబడ్డారు."

అంతే. ఎవరో చెప్పలేదు. ఎందుకని అడగలేదు. ఇంటికి నడుస్తూ దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. నా తిట్లు నేనే విన్నాను, ఎవరూ దొరక్క.

సమావేశం ఊరి భవనంలో. మా దగ్గర ముందు కాఫీ, ఏలకుల బన్ను, ఆ తరవాతే లోకం. అందరూ తిన్నారు. వాల్టో చిన్న చెక్క సుత్తి చేతిలోకి తీసుకున్నాడు. కార్యవర్గం ప్రతిపాదించింది చదువుతాడు, "ఎవరికైనా అభ్యంతరమా" అంటాడు, ఎవరూ పలకరు, టక్‌మని కొడతాడు, అయిపోయింది. మౌనం అర్ధాంగీకారం అంటారు, మా దగ్గర అది పూర్తి అంగీకారం. కట్టెల కొనుగోలు, టక్. కప్పు మరమ్మతు, టక్. తరవాత ఆర్మాస్ లేచి తన ప్రతిపాదన చదివాడు. చదువుతున్నంతసేపూ పేరు ఎత్తలేదు కానీ హాలంతా హిల్యా వైపే చూసింది. ఆమె తన బన్ను మీది చక్కెర పలుకులు వేలితో ఏరుకుంటోంది.

నేను చెయ్యెత్తాను.

హాలు మొత్తం ఒక్కసారి నిట్టూర్చింది. పోయినేడు సౌనాలో బట్టలు తగిలించే కొక్కేల విషయంలో నేను మాట్లాడటం మొదలుపెడితే కాఫీ రెండోసారి కాయాల్సొచ్చింది.

"క్లుప్తంగా చెప్పు, లెంపీ" అన్నాడు వాల్టో, ఆశ లేకుండా.

లేచి నిలబడ్డాను. నోరు ఎండిపోయింది. నా నోరు, ఎండిపోయింది. ఇంటి దగ్గర ఎంత తయారుచేసుకున్నానో, ఒక్క ముక్క గుర్తు రాలేదు.

"అది హిల్యా కాదు. నేను" అని కూర్చున్నాను.

ఆర్మాస్ నవ్వాడు, పెద్దమనిషి తరహాగా.

"పోవే, నీకేంటి. నువ్వు మాట్లాడతావుగా."

"మాట్లాడితే?"

"వాళ్ళు మాట్లాడరు. నెట్‌లో ఉంది."

"ఆర్మాస్, నీకు ఆ సంగతి చెప్పింది ఎవరు?"

"నువ్వే."

"ఎవరి గురించి చెప్పాననుకున్నావు? నా గురించే చెప్పుకుంటున్నా. నీ నోట్లో దూది ఉండబట్టి 'ఎవరు' అని అడగలేకపోయావు, డాక్టరు గారు రాబట్టి నేను చెప్పలేకపోయా. సైకాలజిస్టు చెప్పింది. ఆవిడ పళ్ళు కూడా బాగుంటాయి, అబద్ధం చెప్పే మనిషి కాదు."

వియెనో తన భర్త మోచెయ్యి పట్టుకుంది. "అది కాదయ్యా. హిల్యా మీద జాలిపడి తన నెత్తినేసుకుంటోంది. పాపం, మంచి మనసు."

"అదే నేను చెప్తున్నది" అన్నాడు ఆర్మాస్, ఊతం దొరికినవాడిలా. "ఆటిస్టులకి జాలి ఉండదు. దీనికి జాలి ఉంది. కాబట్టి ఇది ఆటిస్టు కాదు. తేలిపోయిందిగా."

చుట్టూ తలలు ఊగాయి. కళ్ళెదుట నిలబడి నేనే అని ఒక మనిషి చెబుతుంటే, నువ్వు కాదు పొమ్మంటున్నారు. మంచిదాన్నైతే ఆటిస్టుని కాదు, ఆటిస్టునైతే మంచిదాన్ని కాదు. నాకు ఒళ్ళు మండింది. మంటెక్కేసరికి నోరు తిరిగొచ్చింది.

"జాలి ఉందో లేదో మీరు తేలుస్తారా? నాకు మీ అందరి మీదా జాలే. ఇన్నేళ్ళూ మీ మధ్య కూర్చుని మీరేమనుకుంటున్నారో ఒక్కసారి కూడా తెలుసుకోలేకపోయా. మీరు ముగ్గురు మూడు వైపులకి చూస్తుంటారు, ఉన్నట్టుండి ముగ్గురూ ఒకేసారి లేచి చెరువుకి పోతారు. ఎలా తెలుస్తుంది మీకు? ఎవరు చెప్తారు? నాకెవరూ చెప్పరు. ఎవరికైనా కోపమొచ్చిందేమో, నేను లేస్తే బాగుండునని చూస్తున్నారేమో, తెలీదు. తెలీక భయమేసి మాట్లాడతా. మాట్లాడుతున్నంతసేపూ మీరు వెళ్ళిపొమ్మనలేదు, అదొక్కటే నాకు తెలిసేది. ఇప్పుడు ఆ ఫోన్లలో మీరనుకున్నదంతా చదివా. మొదటిసారి మీ మనసులో మాట నాకు తెలిసింది. తెలియకుండా ఉంటేనే బాగుండేది."

వియెనో కప్పులోకి చూసింది. నేను కూర్చోలేదు. పేరు కొట్టేస్తే నిలబడే వెళ్ళిపోదామని.

అప్పుడు మూలనుంచి ఒక చెయ్యి లేచింది. వాల్టోకి అది ఎవరిదో పోల్చుకోవడానికి కొంచెంసేపు పట్టింది. హిల్యా చెయ్యి ఎత్తడం ఆ హాలు ఎప్పుడూ చూడలేదు.

"రాళ్ళ మీద నీళ్ళు పోసినప్పుడల్లా నువ్వు లేచి బయటికి పోతావు" అంది హిల్యా నాతో. "దేనికి? వేడికా, చప్పుడుకా?"

ఆ ప్రశ్న కోసం నేను సిద్ధంగా లేను. "చప్పుడుకి" అన్నాను. "బుస్సుమని వస్తుంది. ఎప్పుడొస్తుందో తెలీదు. తెలిస్తే ఏం కాదు. తెలీకుండా వస్తే తలలో పగిలినట్టుంటుంది. అందుకే నువ్వు బకెట్టు వైపు వంగగానే పారిపోతా. బయట అరుగు మీదున్న వాళ్ళతో మాట్లాడ్డానికి అనుకుంటారు మీరు."

"అనుకున్నా" అంది హిల్యా. "ముప్ఫై ఏళ్ళలో అన్నీ చెప్పావు. మీ పిన్ని ఆపరేషన్ కూడా చెప్పావు. ఇది చెప్పలేదు."

"నువ్వు అడగలేదు."

"నువ్వు సందిస్తేగా."

ఎవరో ముక్కులో నవ్వారు. వాల్టో సుత్తి పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. నియమం నియమమే.

"ఆర్మాస్ ప్రతిపాదన ఉంది. సభ్యుడి ప్రతిపాదన కాబట్టి ఎవరైనా ఒకరు బలపరచాలి. బలపరుస్తున్నా అనాలి. నోటితో."

ఇక్కడే ఆర్మాస్ లెక్క తప్పింది. ఆయన బొటనవేళ్ళు చూసుకుని వచ్చాడు. హాల్లో ఎవరూ కాదనరు, వాల్టో టక్‌మనిపిస్తాడు అనుకున్నాడు. కాదనకుండా ఉండటం మా ఊరికి పుట్టుకతో వచ్చిన విద్య. కానీ ఇప్పుడు ఔనని పైకి అనాలి, అందరి ముందూ, నిలబడ్డ నన్ను చూస్తూ. ఆర్మాస్ అటు చూశాడు, ఇటు చూశాడు. ఫేస్‌బుక్‌లో మూరెడు మూరెడు రాసినవాళ్ళు బూట్ల లేసులు చూసుకుంటున్నారు. చివరికి పెళ్ళాం వైపు చూశాడు. వియెనో రెండో బన్ను తీసుకుని పెద్ద ముక్క కొరికి, నోరు నిండా ఉందని చేత్తో చూపించింది.

"ఎవరూ బలపరచలేదు. ప్రతిపాదన వీగిపోయింది." టక్. "తరవాతి అంశం, కొక్కేలు."

బయట చీకట్లో వాల్టోని పట్టుకున్నాను. "ఒక్కటి చెప్పు. వాళ్ళు నా పక్షాన ఊరుకున్నారా, ఉత్తినే ఊరుకున్నారా?"

వాల్టో టోపీ సర్దుకుని చెరువు వైపు చూశాడు. "నాకెలా తెలుసు?" అన్నాడు. "ఇన్నేళ్ళూ నేను ఊహించే ఆ సుత్తి కొడుతున్నా."

ఆ రాత్రి ఆర్మాస్ గుంపులో రాశాడు: ప్రతిపాదన వీగిపోయింది, కాఫీ బాగుంది. కింద ఊరివాళ్ళెవరూ ఏమీ రాయలేదు. హెల్సింకీ పెద్దమనిషి మాత్రం, అంత వాగే ఆడది ఆటిస్టు ఎలా అవుతుంది, ఇదంతా ఈమధ్య ఫ్యాషన్ అని రాశాడు. దానికి వియెనో ఒక జవాబు పెట్టింది. ఆమె రాసినది నేను ఇక్కడ చెప్పను, కొంచెం మోటుగా ఉంది. మూడు వారాల కిందట ఆమె ఏం రాసిందో నేను మరిచిపోలేదు. ఆమె కూడా మరిచిపోలేదనుకుంటాను, నాకు తెలియదు, అడగాలి.

శనివారం వచ్చింది. వెళ్ళాలా వద్దా అని తలుపు దగ్గర రెండుసార్లు బూట్లు తొడిగి విప్పాను. ప్రతిపాదన వీగిపోతే మాత్రం, పక్కన కూర్చోవాలని ఎవరికుంటుంది? చివరికి వెళ్ళాను. బట్టలు విప్పి లోపలికి అడుగుపెడితే ఎప్పటిలాగే అందరూ మెట్ల మీద ఉన్నారు, ఎవరూ నావైపు చూడలేదు. పై మెట్టు మీద హిల్యా మూలకి ఇంకాస్త జరిగింది. ఎప్పుడూ కింది మెట్టు చివర, తలుపు పక్కన కూర్చునేదాన్ని, పరిగెత్తడానికి వీలుగా. ఈసారి పైకెక్కాను. వియెనో భుజం నా భుజానికి తగిలింది. తీసుకోలేదు.

భయంగానే ఉంది, అందుకని మొదలుపెట్టాను. పిల్లి పిల్లలు ఎన్ని పుట్టాయో, అందులో ఒకటి తెల్లగా ఎలా పుట్టిందో, దాని తండ్రి ఎవరై ఉండొచ్చో. సగంలో హిల్యా బకెట్టు వైపు వంగింది. నా ఒళ్ళు బిగుసుకుంది. ఆమె గరిటెడు నీళ్ళు ముంచి, రాళ్ళ మీదికి చెయ్యి చాపి, అక్కడే ఆపేసింది.

"పోస్తున్నా" అంది.

వాడక తుప్పుపట్టిన గొంతు. ఆ ఒక్క మాటకి ఆమెకి దగ్గొచ్చింది. పోసింది. బుస్సుమంది, ఆవిరి వచ్చి మీద పడింది. నేను మెట్టుని రెండు చేతులా పట్టుకున్నాను, అంతే. లేవలేదు. ఇన్నేళ్ళుగా ఆ మొదటి ఆవిరి ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఏడుపొచ్చింది, చెమటలో ఎవరికీ కనబడలేదు. కనబడినా వాళ్ళు చెప్పరు.

మళ్ళీ వంగింది. మళ్ళీ "పోస్తున్నా" అంది. నెలకొక మాట మాట్లాడే మనిషి, ఒక్క సాయంత్రంలో రెండేళ్ళ మాటలు నాకోసం వాడేసింది. చివరికి ఒకసారి గరిటె ఎత్తి పట్టుకుని ఆగింది. ఏమీ అనలేదు. నేను తెల్ల పిల్లి తండ్రి గురించి ఒక వాక్యంలో ఉన్నాను. అది కొంచెం పొడుగు వాక్యం. ఆమె నా వాక్యం అయ్యేదాకా ఆగుతోంది. పొయ్యి చల్లారుతోంది. కింది మెట్ల మీద ఆడవాళ్ళు మోకాళ్ళు దగ్గరికి ముడుచుకున్నారు.

"త్వరగా ముగించవే తల్లీ" అంది వియెనో. "గడ్డకట్టి చస్తున్నాం."

ముగించాను.

"పోస్తున్నా" అంది హిల్యా.